ఇంట్లో పిలిచే పేరు

కేకల బాబాయి అని ఆయనకి పేరు పెట్టింది యార్డులోని పనివాళ్ళు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది, దానికి ‘శాంతంగా ఉండేవాడు’ అని అర్థం. పొద్దస్తమానం ట్యాంకు మూత పక్కన కూర్చుని గొంతు చించుకునే మనిషికి ఆ పేరు బొత్తిగా అతకదని అందరూ కలిసి మార్చేశారు. ఆయన కూడా పేచీ పెట్టలేదు.

ఆ యార్డులో చేసే పని ట్యాంకులు కడగడం. థిన్నర్లు, జిగుర్లు, ఇంకా పేరు చదివితేనే తలనొప్పి వచ్చే ద్రవాలు మోసే పొడవాటి ఇనుప ట్యాంకులు అక్కడికి ఖాళీగా వస్తాయి. ఖాళీ అనేది మాటవరసకే. అడుగున జిడ్డు పేరుకుని ఉంటుంది. పైనున్న గుండ్రటి మూత తీసి, ఒక మనిషి నడుముకి తాడు తగిలించుకుని లోపలికి దిగి ఆ జిడ్డు గీకి తీస్తాడు. ఇంకో మనిషి తాడు రెండో కొస పట్టుకుని మూత దగ్గర కూర్చుంటాడు. లోపలివాడికి మత్తు కమ్ముతోందేమో కనిపెట్టడం పైవాడి పని. జిడ్డును కదిలిస్తే లేచే ఆవిరికి ముందు నవ్వొస్తుంది, తర్వాత నిద్రొస్తుంది, ఆ తర్వాత ఏమీ రాదు.

చూసేవాళ్ళకి బాబాయిది ఊరికే కూర్చునే ఉద్యోగం. ఓ స్టూలు, ఓ నీళ్ళ సీసా, చేతిలో తాడు. పక్క షెడ్డులో లారీలు బాగుచేసేవాళ్ళు ‘జీతమిచ్చి జోకొడుతున్నారయ్యా నిన్ను’ అని దెప్పేవాళ్ళు. ఆ దెప్పేవాళ్ళని ఒక్కపూట స్టూలు మీద కూర్చోబెడితే సాయంత్రానికి వాళ్ళ వేళ్ళకి గోళ్ళు మిగలవు.

వయసులో ఉండగా ఆయన కూడా లోపలికి దిగి గీకినవాడే. ఒకసారి మత్తు కమ్మింది. పైనుంచి పదిమందీ ఒరేయ్ అనీ, బావా అనీ, గురువా అనీ అరిచారు. ఆ అరుపులన్నీ నీళ్ళలో మునిగి వింటున్నట్టు, ఎవరివో ఇంటి గొడవల్లా అనిపించాయి. ఇంతలో తనకి అస్సలు పడని స్టోరు గుమాస్తా వచ్చి, తల్లి పెట్టిన పేరు పెట్టి పిలిచాడు. కాలు దానంతటదే కదిలింది. ఆ గుమాస్తాతో తర్వాత కూడా ఆయనకి పడలేదు, అది వేరే సంగతి. కానీ ఆ రోజుతో ఆయనకి ఒక పాఠం ఒంటబట్టింది. మత్తులో ఉన్నవాడి చెవికి మాటలు అందవు, పేరొక్కటే అందుతుంది.

అందుకే తను పైకాపలాకి మారాక ఆయనో పరీక్ష పెట్టాడు. కొత్తగా లోపలికి దిగేవాడెవడైనా సరే, ముందు బాబాయి పక్కన కూర్చుని తన పేరు కథ చెప్పుకోవాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, అర్థమేమిటి, ఇంట్లో ఎలా పిలుస్తారు. కొసన సాగదీస్తారా, మధ్యలో కోస్తారా. ఇదంతా ముసలాయన కాలక్షేపం అని కొందరు అనుకునేవాళ్ళు. ఆయనకి మాత్రం అది పనిముట్టు. ఇంట్లో ఎలా పిలుస్తారో తెలిస్తేనే కదా ఆ పిలుపు పిలవగలిగేది.

అలా ఆయన బుర్రనిండా కథలు. ‘చంద్రుడు’ అని అర్థం వచ్చే పేరున్న ఒకడు కరెంటు పోయిన రాత్రి కటిక చీకట్లో పుట్టాట్ట. ఇంకొకడికి పురుడు పోసిన డాక్టరు పేరు పెట్టారు, తీరా చూస్తే ఆ డాక్టరు అంతసేపూ కుర్చీలో గుర్రు పెట్టి నిద్రపోయాడట. తండ్రి పందెం ఓడిపోయి, గెలిచిన స్నేహితుడి పేరు కొడుక్కి పెట్టుకోవలసి వచ్చిన వాడొకడున్నాడు. వాణ్ణి పిలిచినప్పుడల్లా తండ్రి మొహం మాడ్చుకునేవాడట. ఎవరు చెప్పినా ఒకటే తీరు. తన పేరు గురించి చెప్పుకునేటప్పుడు ఎంత మొనగాడైనా కొంచెం సిగ్గుపడతాడు, మెడ గోక్కుంటాడు, ఒకటి రెండు చోట్ల నవ్వేస్తాడు.

కొత్తాయన అలా చెప్పలేదు.

కొత్తాయనకి ముప్పై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, అడిగినదానికి మాత్రమే జవాబిచ్చే రకం. ట్యాంకులు కడగడంలో శిక్షణ పొందినట్టు కార్డుంది, వేరేచోట చేసిన అనుభవం కూడా అందులోనే రాసుంది. ఆయన వదిన కూడా అదే వారంలో యార్డు లాండ్రీలో చేరింది. పనివాళ్ళ జిడ్డుబట్టలు ఉతికే గది అది. ఆమె భర్త పోయి ఏడాది అయిందనీ, ఇద్దరు పిల్లలనీ, మరిదే ఆ ఇంటికి ఆసరా అనీ అందరికీ తెలిసింది. అంతకుమించి ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.

బాబాయి పరీక్షలో కొత్తాయన తన పేరుకి అర్థం ‘గెలిచినవాడు’ అన్నాడు. పెట్టింది అమ్మ. పురుడు కష్టమైంది. బిడ్డ నీలంగా పుట్టాడు, ఏడవలేదు. నర్సు వీపు చరిచి చరిచి ఇక లాభం లేదని పక్కన పడుకోబెట్టింది. అప్పుడు కేరుమన్నాడు. తల్లి అంత నీరసంలోనూ ‘గెలిచాడు’ అందట. అదే పేరైపోయింది. ఇంట్లో కొసన కొంచెం సాగదీసి పిలిచేవాళ్ళట.

ఈ కథంతా ఆయన ఎక్కడా తడబడకుండా, సిగ్గుపడకుండా, ఎంతో ముద్దుగా చెప్పాడు. తన గురించి చెప్పుకుంటున్నట్టు లేదు, తనకెంతో ఇష్టమైన మనిషి గురించి చెబుతున్నట్టుంది. బాబాయికి అప్పుడే ఏదో తట్టింది. తట్టినదాన్ని పట్టుకుని లాగకుండా, ఎంత బావుందయ్యా అని ముచ్చటపడి ఊరుకున్నాడు. ఆ తర్వాత వెనకనుంచి పిలిస్తే కొత్తాయన రెండో పిలుపుకి గానీ తిరిగేవాడు కాదు. బాబాయి దానికీ సర్దిచెప్పుకున్నాడు. ఇనుము గీకే చప్పుడులో ఏళ్ళు గడిపిన మనిషికి కాస్త చెవుడుండదా అనుకున్నాడు. అంత పట్టింపు మనిషి, ఒక్క మంచి కథకి పడిపోయాడు. కథల పిచ్చి ఉన్నవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది.

ఆ రోజు వచ్చిన ట్యాంకు థిన్నరుది. సాయంత్రానికల్లా కడిగి పంపాలని సూపర్వైజర్ పొద్దుటినుంచీ తిరుగుతున్నాడు. మూత తీసి మీటరు దింపి చూస్తే గాలి బాగానే ఉందని చూపించింది. ముక్కుకి మాస్కు కట్టుకుని కొత్తాయన దిగాడు.

ఇలాంటి ట్యాంకుల్లో ద్రవం అటూ ఇటూ ఊగకుండా మధ్యమధ్య ఇనుప పలకలు అడ్డంగా ఉంటాయి. ఒక్కో పలకకి అడుగున కుడివైపొకటి, ఎడమవైపొకటి కంతలుంటాయి. మనిషి పాక్కుంటూ దూరేంత కంతలు. ఏ కంతలోంచి అవతలికి వెళితే ఆ కంతలోంచే ఇవతలికి రావాలి. లేకపోతే తాడు పలకకి చుట్టుకుంటుంది. ఈ పని నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజు మొదటి మాటగా చెప్పేది ఇదే.

బాబాయి అలవాటు ప్రకారం పిలుస్తూ ఉన్నాడు. పిలిచినప్పుడల్లా లోపలినుంచి ‘ఆ’ అని వినిపించేది. లేదంటే గీకుడు కర్రతో గోడమీద ఓ దెబ్బ. మధ్యాహ్నం ఎండకి ట్యాంకు వేడెక్కింది. కొత్తాయన గొంతు ముద్దముద్దగా రావడం మొదలైంది. పైకి రమ్మన్నాడు బాబాయి. అయిపోవచ్చింది, ఇంకొంచెమే అని జవాబు. తర్వాతి పిలుపుకి దెబ్బ ఒక్కటే వినిపించింది. ఆ తర్వాతి పిలుపుకి ఎవరో లోలోపల నవ్వుకుంటున్నట్టు చిన్న చప్పుడు.

బాబాయి వెంటనే తాడు లాగాడు. కొద్దిగా వచ్చి బిగుసుకుపోయింది. ఇంకా గట్టిగా లాగితే లోపల ఏదో పలకకి గుద్దుకున్న చప్పుడైంది. టార్చి వేసి తల వంచి చూస్తే, పలక కింద ఎడమ కంతలోంచి లోపలికి పోయిన తాడు కుడి కంతలోంచి బయటికొచ్చి, మళ్ళీ ఎడమ కంతలోకే పోయి ఉంది. దాని అవతల రెండు బూట్లు. మొదటి రోజు పాఠం తెలియని మనిషి కట్టుకున్న ముడి అది. లాగేకొద్దీ మనిషి ఇనుపపలకకి బిగుసుకుంటాడే తప్ప బయటికి రాడు. నడుముకి తాడు తగిలించిన కొక్కెం వాడే విప్పుకుని, వాడే పాక్కుంటూ మూత కిందికి రావాలి.

బాబాయి ఈల ఊదాడు. సూపర్వైజర్ పరుగెత్తుకొచ్చాడు. లోపలికి దిగి మనిషిని తేవాలంటే వీపుకి గాలి సిలిండరు కావాలి. ఉన్నవాటిలో ఒకటి నింపడానికి వెళ్ళింది, రెండోది యార్డు అవతలి కొసన గోదాములో ఉంది. ఇద్దరు మనుషులు అటు పరుగుతీశారు. ఇంతలో సామాను దించే కుర్రాడొకడు చొక్కా విప్పి మూతికి చుట్టుకుని దిగబోయాడు. బాబాయి వాణ్ణి ఒక్క తోపు తోసి, వచ్చి మూత కంతకి అడ్డంగా కూర్చున్నాడు. ఇలాంటివాటిలో ఎప్పుడూ పోయేది మొదటివాడొక్కడే కాదు, వాణ్ణి తీయబోయినవాడు కూడా. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినా, లోపలికి దూకెయ్యాలని ఆయన కాళ్ళు రెండూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఆయన దగ్గర మిగిలింది పేరొక్కటే. ‘గెలిచినవాడు’ అని అర్థం వచ్చే ఆ పేరుని, కొత్తాయన చెప్పినట్టే కొసన సాగదీసి పిలిచాడు. లోపల ఇనుముకి తగిలి పేరు గింగురుమంది. బూట్లు కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. బతిమాలినట్టు పిలిచాడు, తిట్టినట్టు పిలిచాడు. ఒకసారి ఎడమ బూటు మొన కొంచెం ఆడింది. అంటే ప్రాణముంది, చెవులు పనిచేస్తున్నాయి. పిలుపు వినపడుతోంది. అయినా కదలడం లేదు. ఇన్నేళ్ళలో పేరుకి లొంగని మనిషిని బాబాయి చూడలేదు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ కేకలు యార్డంతా పాకాయి. లాండ్రీ గదిలోంచి వదిన వచ్చింది. మోచేతులదాకా సబ్బునురగ. మనుషుల్ని తప్పించుకుని ముందుకొచ్చి, బాబాయి నోట ఆ పేరు వింటూ, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

బాబాయి ఆమెని చూశాడు. ఉక్కిరిబిక్కిరిగా అడిగాడు.

"అమ్మా, వీణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారు? ఇదేనా?"

ఆమె కళ్ళు బాబాయి మీదినుంచి సూపర్వైజర్ మీదికి పోయాయి. దిగేముందు కొత్తాయన దగ్గర తీసుకున్న కార్డు ఆయన చేతిలోనే ఉంది, ఆ కార్డు మీద ఆ పేరే ఉంది. ఆ పేరు ఉన్నంతకాలమే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. తను ఇప్పుడు నోరు తెరిస్తే మరిది ఉద్యోగం పోతుంది, తన ఉద్యోగం పోతుంది, అంతటితో ఆగుతుందో లేదో కూడా తెలియదు. తెరవకపోతే ఏం పోతుందో మూతలోంచి కనిపిస్తున్న బూట్లు చెబుతున్నాయి. బాబాయికి ఇదంతా తర్వాత అర్థమైంది గానీ, ఆ క్షణాన మాత్రం ఈ మనిషి ఎందుకు నీళ్ళు నములుతోందని ఒళ్ళు మండిపోయింది.

"చెప్పమ్మా," అన్నాడు. "వాడు పోతున్నాడు."

"ఆ పేరు వాడిది కాదు," అంది ఆమె. "అది మా ఆయనది. కార్డు కూడా ఆయనదే. వీడు ఎక్కడా పని నేర్చుకోలేదు. వీణ్ణి ఇంట్లో నేస్తం అంటారు."

సూపర్వైజర్ చేతిలోని కార్డు వైపు చూశాడు. బాబాయి అప్పటికే మూతలోకి వంగి ‘నేస్తం’ అని యార్డు దద్దరిల్లేలా అరిచాడు. బూట్లు రెండూ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. మళ్ళీ సద్దుమణిగాయి.

వదిన ఆయన భుజం పట్టుకుంది. అలా కాదంది. తన భర్త ఎన్నడూ అరిచి పిలిచేవాడు కాదనీ, పక్కనే పడుకున్నవాణ్ణి లేపినట్టు, ఎదుటివాడు ఎలాగూ వస్తాడన్న ధీమాతో పిలిచేవాడనీ చెప్పింది. తనే పిలుద్దామనుకుంది గానీ ఆ పిలుపు తన నోటికి అలవాటు లేదు. తను ఎప్పుడూ బాబూ అనేదే తప్ప ఆ పేరుతో పిలిచి ఎరగదు. అన్నగొంతులా మగగొంతయితే వింటాడేమోనంది.

కేకల బాబాయి జీవితంలో మొదటిసారి మూత దగ్గర గొంతు తగ్గించాడు. చుట్టూ ఉన్నవాళ్ళని చేత్తోనే కిమ్మనకుండా చేశాడు. ట్యాంకులోకి తల వంచి, గదిలో మాట్లాడినట్టు అన్నాడు.

"నేస్తం. ఇటు రా."

లోపలినుంచి ‘ఊఁ’ అని వినిపించింది. చిన్నపిల్లలు నిద్రలో మూలిగినట్టు. బాబాయి మళ్ళీ అదే మాట, అదే గొంతుతో అన్నాడు. కొక్కెం తియ్యమన్నాడు. ఇనుము మీద వేళ్ళు తడుముకుంటున్న చప్పుడు. ఎంతకీ తెమలని చప్పుడు. మధ్యలో ఆగిపోయింది. బాబాయికి పైప్రాణాలు పైనే పోయాయి, అయినా గొంతు పెంచలేదు. "నేస్తం, నీ నడుము దగ్గరుంది చూడు," అన్నాడు. టక్కుమంది. తాడు బాబాయి చేతిలో ఒక్కసారిగా వదులైంది.

కంతలోంచి ముందు ఒక చెయ్యి, తర్వాత తల బయటికొచ్చాయి. మాస్కు మెడలో వేలాడుతోంది, ఆవిరి పట్టి కనపడక ఎప్పుడో కిందికి లాగేసుకున్నాడు. పాకాడు, బోర్లాపడ్డాడు, పిలిస్తే మళ్ళీ పాకాడు. మూత కిందికి వచ్చేసరికి అవతలినుంచి గాలి సిలిండరు వచ్చింది. అది తగిలించుకున్న మనిషి దిగి, చంకల కింద తాడు వేశాడు. అందరూ కలిసి పైకి లాగారు. వదిన సబ్బు చేతులతోనే ఆ తాడు పట్టుకుని లాగింది.

ఫస్ట్ ఎయిడ్ గదిలో మంచం మీద పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. మొహంలో రంగు తిరిగొచ్చింది. గండం గడిచిందని నర్సు చెప్పాక సూపర్వైజర్ గుమ్మంలో నిలబడి, ఎవరి మొహంలోకీ చూడకుండా, కార్డు తన దగ్గరే ఉంచుకుంటున్నాననీ, రేపటినుంచి కొత్తాయన రానక్కర్లేదనీ చెప్పాడు. వదిన సంగతి పైవాళ్ళతో మాట్లాడి చూస్తానన్నాడు. ఆయన మంచివాడే. మంచివాడైనా ఇంకేం చెయ్యగలడు? పోలీసులదాకా పోనివ్వనన్నాడు, అదే పదివేలు. వదిన తలూపింది.

నేస్తం అన్న పేరు కథ బాబాయి అక్కడే విన్నాడు. ఇంతటి గండంలోనూ అడగకుండా ఉండలేకపోయాడు మరి. తమ్ముడు పుట్టాడని చెబితే ఐదేళ్ళ అన్న వచ్చి చూసి, తమ్ముడు కాదు, వీడు నా నేస్తం అన్నాట్ట. అందరూ నవ్వారు గానీ ఆ పేరే నిలిచిపోయింది. బయటివాళ్ళకి చెప్పుకోవడానికి మాత్రం కొత్తాయనకి చచ్చేంత సిగ్గు. ఆ పేరుతో వచ్చిన ఇబ్బంది అలాంటిది. తగువుకొచ్చినవాడు కూడా ముందు ‘నేస్తం’ అని పిలిచి గానీ తిట్లు మొదలెట్టలేడు. వదిన ఇది చెబుతూ చిన్నగా నవ్వింది. అన్న మంచాన పడ్డాక, ఇంటిని చూసుకోమని చివరికి తమ్ముడి చేతికిచ్చింది ఆ కార్డేనని చెబుతూ ఆ నవ్వు ఆపేసింది.

బాబాయి మనసులో ఉన్నది కోపమో, బతికాడన్న సంతోషమో, తన పరీక్ష తప్పిందన్న సిగ్గో ఆయనకే తెలియలేదు. మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అంతసేపు అరిచాను కదయ్యా. ఒక్కటీ వినపడలేదా?"

కొత్తాయన మాస్కు కొంచెం పక్కకి జరిపాడు.

"అన్నీ వినపడ్డాయి బాబాయ్. అన్నయ్యని పిలుస్తున్నారనుకున్నా. ఆయన పలుకుతాడు కదా, మధ్యలో నేనెందుకని ఊరుకున్నా." కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఎంతకీ పలకడేంటా అనుకున్నా."

వదిన ఆయన తల తుడుస్తోంది. తువ్వాలు అలాగే చేతిలో ఆగిపోయింది.

"నేనూ అంతే," అంది. "ఈ యార్డులో నిన్ను ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా నేను బట్టలు వదిలేసి తలెత్తి చూశాను. రోజూ చూశాను. నువ్వేనని తెలిసి కూడా చూశాను."

కొత్తాయన వదినా అనబోయాడు. ఆమె తువ్వాలుతో మొహం కప్పుకుంది. భర్త పోయిన ఈ ఏడాదిలో ఆమె బయటివాళ్ళ ముందు కన్నీళ్ళు పెట్టుకోవడం అదే మొదలు.

"ఇంకెప్పుడూ ఆ పేరుకి పలక్కు," అంది ఆ గుడ్డలోంచే. "నావల్ల కాదు."

బాబాయి లేచి, స్టూలు చప్పుడు కాకుండా పక్కకి జరిపి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళిపోయాడు.